నాకు జరిగిన ప్రమాదం మీద డాన్స్ థియేటర్ చేస్తుంటే రిహార్సల్‌లోనే బిగుసుకుపోతున్నాను. కొనసాగించాలా, వదిలేయాలా?

మీరు రాసినదాన్ని నాకు అర్థమైనంతవరకు ముందు ఒకసారి చెప్తాను. కొన్నేళ్ల క్రితం మీరు ఒక కారు ప్రమాదం నుంచి బయటపడ్డారు. పక్క సీట్లో ఉన్న మీ స్నేహితురాలు బతకలేదు. మీరు శిక్షణ పొందిన డాన్సర్ కాబట్టి దాని మీద డాన్స్ థియేటర్ (డాన్స్, నాటకం కలిసిన ప్రదర్శన) పద్ధతిలో ఒక సోలో, అంటే ఒక్కరే చేసే ప్రదర్శన, చేయాలనుకున్నారు. కారు పల్టీ కొట్టే చోటికి వచ్చేసరికి ఊపిరి ఆగిపోయినట్టవుతోంది, చేతులు చల్లబడుతున్నాయి, ఆ తర్వాత కాసేపు ఏం చేశారో గుర్తుండటం లేదు. మీ దర్శకుడేమో "అదే అసలైన నటన, ఆపకు, మొత్తం బయటికి రానివ్వు, అప్పుడే నయమవుతుంది" అంటున్నారు. ఇప్పుడేం చేయాలి, ఆ సీన్ సిద్ధమైందని ఎలా తెలుస్తుంది అన్నవి మీ ప్రశ్నలు.

వదిలేయక్కర్లేదు. కానీ ఇప్పుడు చేస్తున్న పద్ధతిలో మాత్రం చేయకండి. ఆ పల్టీ సీన్‌ను ఇవాళే పక్కన పెట్టేయండి. జరిగినదాన్ని మీ ఒంటి మీద మళ్లీ జరిపించడం డాన్స్ థియేటర్ పని కాదు. జరిగిన తర్వాత మీ శరీరం ఏం చేస్తూ వస్తోందో గమనించాలి. దాన్ని మీరు కావాలనుకున్నప్పుడు మొదలుపెట్టి, కావాలనుకున్నప్పుడు ఆపగలిగే రూపంలోకి తేవాలి. పని అంతే. ఆపగలగడం అన్నచోటే అసలు సంగతంతా ఉంది. కింద నేను రాసేది చాలావరకు దాని గురించే.

నేను ఎవరో కూడా చెప్పాలి. చాలా ఏళ్లుగా డాన్స్ థియేటర్ రూపొందిస్తున్నాను. ప్రమాదాలు, హింస, అకాల మరణాలు దగ్గరగా చూసినవాళ్లతో చాలాసార్లు పనిచేశాను. ఆ పని చేసేటప్పుడు గదిలో ఒక క్లినికల్ సైకాలజిస్టు ఉండేలా చూసుకుంటాను. నేను థెరపిస్టును కాను. కాబట్టి దీన్ని రిహార్సల్ గది తెలిసిన మనిషి మాటగానే తీసుకోండి.

మామూలు జ్ఞాపకానికి మొదలూ చివరా ఉంటాయి. నిరుడు జరిగిన పెళ్లి గురించి చెప్పమంటే, అది నిరుడు జరిగిందని తెలిసే చెప్తాం. భయంకరమైన సంఘటన జ్ఞాపకం అలా ఉండదు, ముక్కలు ముక్కలుగా వస్తుంది. సీటుబెల్టు భుజాన్ని నొక్కిన చోటు, పెట్రోలు వాసన, అద్దం పగిలిన చప్పుడు, మెడ ఒక పక్కకు విసిరినట్టు తిరగడం. ఇవి వచ్చినప్పుడు "ఇది అప్పటిది" అన్న గుర్తు వాటితో రాదు. అందుకే శరీరం ఇప్పుడే జరుగుతున్నట్టు స్పందిస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి. పారిపోవడానికీ ఎదిరించడానికీ దారి లేదనిపిస్తే ఒళ్లంతా మొద్దుబారి స్తంభిస్తుంది. మీకు చేతులు చల్లబడటం, మధ్యలో కొంత గుర్తు లేకపోవడం ఈ చివరి స్థితికి దగ్గరగా కనిపిస్తోంది.

ఇక్కడ డాన్సర్‌కు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మిగతావాళ్లు జ్ఞాపకాన్ని మాటల్లో తలచుకుంటారు, మీరు ఒంటితో తలచుకుంటారు. మెడను అదే కోణంలో, అదే వేగంతో తిప్పగలరు. మీ శిక్షణ మీకు ఇచ్చిన ఆ ఖచ్చితత్వమే ఇక్కడ మీకు ఎదురు తిరుగుతోంది. పల్టీని ఎంత బాగా చేస్తే శరీరం అంత గట్టిగా నమ్ముతుంది.

"మరి పీటీఎస్‌డీ (భయంకర సంఘటన తర్వాత మిగిలిపోయే మానసిక సమస్య) చికిత్సలో కూడా జరిగినదాన్ని మళ్లీ మళ్లీ చెప్పిస్తారు కదా" అని ఎవరైనా అనవచ్చు. నిజమే, కొన్ని చికిత్సల్లో అది ఉంది. కానీ అక్కడ శిక్షణ ఉన్న మనిషి ఎదురుగా ఉంటారు, వేగం ఎంత ఉండాలో ఇద్దరూ కలిసి నిర్ణయిస్తారు, ప్రతిసారీ తర్వాత కుదుటపడటానికి సమయం ఉంటుంది. చీకటి గదిలో, పెద్ద సౌండ్‌తో, ఎదురుగా ఒకరు "ఆపకు" అంటుండగా చేసే రిహార్సల్‌కూ దానికీ పోలిక లేదు. కదిలించి మొత్తం కక్కిస్తే నయమవుతుందన్న నమ్మకం పాతది, చాలామందిలో ఉంది. దాన్ని పరీక్షించి చూశారు కూడా. సంఘటన జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి అంతా చెప్పించే 'డీబ్రీఫింగ్' పద్ధతిని వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మార్గదర్శకాల్లోనే చెప్పింది. మీది పాత సంఘటన, సందర్భం వేరు. కానీ "కక్కేస్తే పోతుంది" అన్న సూత్రం మీద మీ దర్శకుడికి ఉన్న నమ్మకానికి ఆధారం లేదని చెప్పడానికి ఇది చాలు.

అసలు పునరావృతం అన్నదే డాన్స్ థియేటర్‌కు గుండెకాయ. జర్మన్ నృత్య దర్శకురాలు పినా బౌష్ 1978లో చేసిన 'కఫే ముల్లర్' వీడియో దొరికితే ఒక ఘట్టం చూడండి. ఒక స్త్రీ, ఒక పురుషుడు కౌగిలించుకుని నిలబడి ఉంటారు. మూడో మనిషి వచ్చి వాళ్ల చేతులను ఒక్కొక్కటిగా సర్ది, ఆమెను అతని చేతుల మీద పడుకోబెడతాడు. అతను ఆమెను జారవిడుస్తాడు. ఆమె లేచి మళ్లీ కౌగిలించుకుంటుంది. మళ్లీ సర్దడం, మళ్లీ జారవిడవడం. వేగం పెరుగుతూ పోతుంది. చివరికి ఆ మూడో మనిషి లేకపోయినా ఇద్దరూ తమంతట తామే అదంతా చేసేస్తారు. ఎవరు ఎవరికి ఏం చేశారో, ఎప్పుడు చేశారో కథగా ఒక్క ముక్క చెప్పరు. అయినా గాయం మనిషిలో ఎలా కాపురం చేస్తుందో అంతా అందులో ఉంది. అదే సమయంలో ఆ డాన్సర్లకు ఎన్నోసారి చేస్తున్నారో, ఎక్కడ ఆపాలో క్షుణ్ణంగా తెలుసు. చూసేవాళ్లకు ఆగనిదిగా కనిపిస్తుంది, చేసేవాళ్ల అదుపులో ఉంటుంది. మీ సోలోలో ఇప్పుడు లేనిది ఆ రెండోదే.

ఇక ఎలా చేయాలన్నది.

ముందు బయటికి వచ్చే దారి సాధన చేయండి, లోపలికి వెళ్లే దారి తర్వాత. ఒక్క స్టెప్ కూడా కూర్చకముందే ఆగే పద్ధతి తయారు కావాలి. రెండు పాదాలూ నేలకు ఆనించడం, గోడను రెండు చేతులతో బలంగా నెట్టడం, గదిలో కనిపిస్తున్న వస్తువుల పేర్లు పైకి చెప్పడం, తేదీ చెప్పడం, ఎవరినో పేరు పెట్టి పిలవడం. మీకు ఏది పనిచేస్తుందో చూసి దాన్ని స్థిరం చేసుకోండి. ఏ బాధా లేని మామూలు డాన్స్ మధ్యలో కూడా ఉన్నట్టుండి ఆగి అది చేయండి. అలవాటైపోవాలి, ఎందుకంటే అవసరమైన క్షణంలో ఆలోచించే తీరిక ఉండదు.

వార్మప్ దగ్గర కూడా జాగ్రత్త కావాలి. చాలా గదుల్లో "కళ్లు మూసుకుని పడుకోండి, శ్వాస గమనించండి" అని మొదలుపెడతారు. చాలామందికి అది హాయిగా ఉంటుంది. మీలాంటి అనుభవం ఉన్నవాళ్లలో కొందరికి మాత్రం అదే టెన్షన్ పెంచుతుంది. కళ్లు మూస్తే గది మాయమై పాత చోటు వచ్చేస్తుంది. భయం శ్వాసలోనే ఉన్నప్పుడు శ్వాస వైపే చూడమనడం ప్రమాదం. కళ్లు తెరిచి ఉంచండి. నిలబడి మొదలుపెట్టండి. తలుపు కనిపించే వైపు తిరగండి.

మార్కింగ్ మీకు తెలిసిందే. పూర్తి శక్తి పెట్టకుండా, కదలికను చేతులతో సూచిస్తూ లెక్క మాత్రం పట్టుకుని వెళ్లడం. మామూలుగా ఒళ్లు అలసిపోకుండా అలా చేస్తాం. ఈ రకం పనిలో కష్టమైన భాగాలకు మార్కింగే అసలు రిహార్సల్ కావాలని నా అభిప్రాయం. పూర్తి స్థాయిలో చేయడం అరుదుగా ఉండాలి, ముందే చెప్పి ఉండాలి, ఒకసారి చేశాక ఆ రోజుకు ఆ సీన్ ముగియాలి. "ఇంకొక్కసారి, ఇప్పుడు బాగా వచ్చింది" అనేవాళ్ల మాట వినకండి.

తర్వాత దూరం. జ్ఞాపకాన్ని ఉన్నదున్నట్టు మోయకుండా దాని కొలతలు మార్చండి. మెడ చేసిన కదలికను మణికట్టుకు ఇవ్వండి. క్షణంలో జరిగినదాన్ని ఐదు నిమిషాలకు సాగదీయండి. వెనక నుంచి ముందుకు చేయండి. మీరు చేయకుండా ఒక కుర్చీ చేత చేయించండి. అన్నిటికన్నా బాగా పనిచేసేది ఏమిటంటే, ఆ కదలికను ఇంకో డాన్సర్‌కు నేర్పి ఎదురుగా కూర్చుని చూడటం. అప్పుడు అది మీకు జరుగుతున్నది కాదు, మీరు దిద్దుతున్నది. "చెయ్యి ఇంకొంచెం ఆలస్యంగా" అని మీరు అన్న క్షణంలో మీ స్థానమే మారిపోతుంది.

నేను పనిచేసినవాళ్లలో ఒకామె మంటల్లో చిక్కుకున్న భవనం నుంచి బయటపడింది. మొదట్లో అందరూ ఆమెను పొగ, పరుగు, మెట్లు గురించే అడిగేవారు. నాకు కనిపించింది వేరే. రిహార్సల్ గదికి వచ్చిన ప్రతిసారీ తలుపు తెరిచే ముందు అరచేయి వెనక భాగాన్ని ఒక్క క్షణం తలుపుకు ఆనించేది. అవతల వేడి ఉందేమో చూడటం అది. అగ్నిమాపక సిబ్బంది నేర్పేది కూడా అదే. మంటలు ఆరిపోయి ఎన్నో ఏళ్లయినా ఆ చెయ్యి ఇంకా చూస్తూనే ఉంది. మేం అగ్ని జోలికి వెళ్లలేదు. ఆ చేతినే తీసుకున్నాం. ఆమె దాన్ని బల్లకు, నేలకు, తోటి డాన్సర్ వీపుకు, గాలికి ఆనించింది. మిగతావాళ్లు నేర్చుకున్నారు. గుంపంతా కనిపించని తలుపుల ముందు నిలబడి చెయ్యి ఆనించి, కొందరు తెరిచి, కొందరు వెనక్కి తిరిగే సీన్ తయారైంది. ఎప్పుడు తెరవాలో ఆమె ప్రతి ప్రదర్శనలో అప్పటికప్పుడు నిర్ణయించుకునేది. సంగీతం ఆమె కోసం ఆగేది. ఆ నిర్ణయం ఆమె చేతిలో ఉండటం మా అందరికీ సీన్ అందం కన్నా ముఖ్యం. విచిత్రం ఏమిటంటే, సీన్‌కు అందం కూడా అందులోంచే వచ్చింది.

ఇంకొకాయన తమ్ముడు నీళ్లలో పోయాడు. ఈయన నేల మీద వెల్లకిలా పడుకుంటే చాలు, కళ్లు ఒకచోట నిలిచిపోయేవి. నేల మీద పని పూర్తిగా తీసేశాం. కొంతకాలానికి ఆయనే ఒక కోరిక కోరాడు. ఇంకో డాన్సర్ పడుకోవాలి, తను చుట్టూ తిరగాలి, ఎప్పుడు లేపాలో తనే చూసుకోవాలి. లేపిన ప్రతిసారీ ఏడ్చేవాడు. కొత్తగా చేరినవాళ్లు కంగారుపడి ఆపమనేవారు. నేను ఆపలేదు, ఎందుకంటే ఏడుస్తూనే లెక్క తప్పేవాడు కాదు, పిలిస్తే పలికేవాడు, ఎదుటి డాన్సర్ తల నేలకు తగలకుండా అరచేయి అడ్డం పెట్టేవాడు.

ఈ తేడా మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. కన్నీళ్లు ప్రమాద సూచన కాదు, మనిషి గదిలో లేకపోవడం ప్రమాద సూచన. చూపు నిలిచిపోవడం, పాట వినిపించకపోవడం, ఎంతసేపు గడిచిందో తెలియకపోవడం, పేరు పెట్టి పిలిస్తే ఆలస్యంగా పలకడం, మీకు అవుతున్నట్టు చేతులు చల్లబడటం. వీటిలో ఏది కనిపించినా సీన్ ఆగాలి. రిహార్సల్ తర్వాత వరసగా కొన్ని రోజులు నిద్ర పట్టకపోయినా, చిన్న చప్పుడుకు ఉలిక్కిపడుతున్నా, కారెక్కడం మానేస్తున్నా రిహార్సల్స్ ఆపి నిపుణులను కలవాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే వెళ్లాలి, వాయిదా వద్దు.

మీ దర్శకుడి గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను. డాన్సర్ స్పృహ తప్పే స్థితిని "అసలైన నటన" అనుకునేవాళ్లతో ఈ పని చేయకూడదు. ఆయన చెడ్డవారని కాదు, ఆ స్థితి చూడటానికి నిజంగానే శక్తిమంతంగా ఉంటుంది. కానీ ఆ శక్తికి మీరు చెల్లించే ధర ఆయనకు కనిపించడం లేదు. ఆయనతో మాట్లాడండి. ఆపమని మీరు చెయ్యెత్తితే కారణం అడగకుండా ఆపాలి, లైట్లు వేయాలి, ఆ సీన్ వద్దంటే వద్దు. ఇవి ఒప్పుకోకపోతే ఇంకొకరిని వెతుక్కోండి.

నయమవుతుందా అన్నదాని గురించి. డాన్స్‌ను చికిత్సగా వాడటం వేరే వృత్తి. అమెరికన్ డాన్సర్ మేరియన్ చేస్ 1942లో వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ ఆసుపత్రిలో మానసిక రోగులతో మొదలుపెట్టారు. 1966లో అమెరికాలో డాన్స్ థెరపిస్టుల సంఘం ఏర్పడింది. దానికి చదువు, పర్యవేక్షణ, నియమాలు ఉన్నాయి. అక్కడ కదలిక మీ కోసం, చూసేవాళ్ల కోసం కాదు. దాని ఫలితాల మీద కూడా అతిగా చెప్పకూడదు. డిప్రెషన్‌కు డాన్స్ మూవ్‌మెంట్ థెరపీ మీద 2015లో వచ్చిన కాక్రేన్ సమీక్షకు (ఒక చికిత్స మీద జరిగిన అధ్యయనాలను కలిపి పరిశీలించేది) దొరికిన అధ్యయనాలు 3, అందులో పాల్గొన్నవాళ్లు మొత్తం 147 మంది. గట్టి నిర్ణయానికి రావడానికి అది చాలదని వాళ్లే రాశారు. పీటీఎస్‌డీకి ముందు వరసలో ఉన్నవి ట్రామా (మానసిక గాయం) మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చే మాటల చికిత్స), ఈఎమ్‌డీఆర్ (కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని తలచుకునే చికిత్స) లాంటివి. మీకు ఆ లక్షణాలు ఉంటే అవి తీసుకోండి, సోలో వాటి పక్కన నడవనివ్వండి. ప్రదర్శన మీద "నన్ను బాగుచేయాలి" అన్న బరువు పెట్టకండి. మొదటి షో తర్వాత కూడా పీడకల వస్తే, షో విఫలమైందనీ మీరు విఫలమయ్యారనీ అనిపిస్తుంది.

అయితే నేను కళ్లారా చూసినవి ఉన్నాయి. ఒంటి మీద నమ్మకం తిరిగి రావడం చూశాను. ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పనిది పదిమందితో కలిసి ఒక రూపంగా మారినప్పుడు ఒంటరితనం సడలడం చూశాను. మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ కోలుకోవడాన్ని మూడు దశలుగా వివరించారు: ముందు భద్రత, తర్వాత జ్ఞాపకం, శోకం, ఆ తర్వాత మళ్లీ మనుషులతో, జీవితంతో కలవడం. డాన్స్ థియేటర్ మూడోదానికి బాగా సాయపడుతుంది, రెండోదానికి కొంతవరకు. మొదటిది లేకుండా ముందుకు వెళ్లడం కుదరదు.

ప్రమాదాన్ని చూపించకపోతే ప్రేక్షకులకు ఏం అర్థమవుతుందన్న భయం మీ మాటల్లో కనిపించింది. అమెరికన్ డాన్సర్ మార్తా గ్రాహం 1930లో చేసిన 'లామెంటేషన్' తలచుకోండి. సాగే గుడ్డ గొట్టంలో కూర్చున్న ఒక మనిషి, అంతే. ఎవరు పోయారో, ఎలా పోయారో లేదు. కళ్లెదుటే బిడ్డను పోగొట్టుకుని అప్పటివరకు ఏడవలేకపోయిన ఒక తల్లి ఆ ప్రదర్శన చూసి ఏడ్చిందని గ్రాహం తర్వాత చెప్పుకున్నారు. మన ప్రాచీన రస సిద్ధాంత వ్యాఖ్యాత అభినవగుప్తుడు సాధారణీకరణం అన్నది కూడా ఈ దారిలోనిదే. వేదిక మీది శోకం ఒక ఫలానా మనిషి సొంతంగా మిగిలిపోతే చూసేవాడు ఇబ్బందిపడతాడు, ఎవరిదీ కాకుండా అందరిదైనప్పుడు రసమవుతుంది. కెనడా నృత్య దర్శకురాలు క్రిస్టల్ పైట్, నటుడు జొనాథన్ యంగ్ కలిసి 2015లో చేసిన 'బెట్రాఫెన్‌హైట్' కూడా చూడండి. యంగ్ తన సొంత కుటుంబ విషాదం నుంచి దాన్ని రాసి, అందులో తనే నటించారు. ఆ ప్రమాద దృశ్యాన్ని చూపరు. ఆ తర్వాత మనిషి తలలో తిరిగే గొంతులు, మత్తు వైపు లాగే తళుకులు చూపిస్తారు.

మీరే చేయాలని కూడా లేదు. అమెరికన్ నృత్య దర్శకుడు బిల్ టి. జోన్స్ 1994లో 'స్టిల్/హియర్' చేసినప్పుడు ప్రాణాంతక వ్యాధులున్నవాళ్లతో వర్క్‌షాప్‌లు పెట్టి, వాళ్ల మాటలు, సైగలు తీసుకుని తన డాన్సర్లకు ఇచ్చారు. వేదిక మీద నాట్యం చేసింది డాన్సర్లు. ఒకసారి మా బృందంలో ఒకామె తన సీన్‌ను ఇంకొకరికి అప్పగించి ప్రేక్షకుల్లో కూర్చుని చూసింది. వేదిక ఎక్కలేదని ఆమెకు ఏ లోటూ అనిపించలేదు.

ఒక విషయం మీరు రాయలేదు: మీ స్నేహితురాలి కుటుంబం. ఈ జ్ఞాపకం మీది, కానీ ఆ మరణం మీ ఒక్కరిది కాదు. పోస్టర్ చూసి తెలుసుకునే పరిస్థితి వాళ్లకు రాకూడదు. ముందే వెళ్లి చెప్పండి. పేరు, ఫొటో, వాయిస్ మెసేజ్ లాంటివి వాళ్ల అనుమతి లేకుండా వాడకండి. వాళ్లు వద్దంటే మీ శరీరానికి సంబంధించిన భాగం ఉంచుకుని ఆమె ఆనవాళ్లు తీసేయవచ్చు.

షో రోజుల గురించి కొద్దిగా. ప్రమాదం జరిగిన తేదీన ప్రదర్శన పెట్టకండి. మొదటి ప్రదర్శనల తర్వాత ప్రశ్నలు-జవాబులు వద్దు, "ఇది నిజంగా జరిగిందా" అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. పగిలే అద్దం చప్పుడు, ఉన్నట్టుండి హెడ్‌లైట్ల వెలుగు లాంటివి ఉంటే ప్రేక్షకులకు ముందే చెప్పండి, వాళ్లలోనూ మీలాంటివాళ్లు ఉంటారు. మీరు ఆపమని ఇచ్చే సంకేతం లైట్లు, సౌండ్ చూసేవాళ్లకు కూడా తెలిసి ఉండాలి. తెర పడ్డాక కాస్ట్యూమ్ మార్చుకుని, ముఖం కడుక్కుని, ప్రమాదంతో సంబంధం లేని ఒక మనిషితో కాసేపు ఉండండి.

చివరగా, ఆ సీన్ సిద్ధమైందని ఎలా తెలుస్తుందని అడిగారు. నేను వాడే పరీక్ష ఒకటే. దాన్ని మీరు ఇంకో డాన్సర్‌కు మొదటి నుంచి చివరి దాకా నేర్పగలగాలి. ఎన్నో లెక్క దగ్గర చెయ్యి కదలాలో చెప్పగలగాలి. మధ్యలో ఎవరైనా తలుపు తట్టి పిలిస్తే వెళ్లి మాట్లాడి వచ్చి, ఆపిన చోటు నుంచే మళ్లీ మొదలుపెట్టగలగాలి. అలా చేయగలిగే వరకు ఆ సీన్‌ను వేదిక మీదికి తేకండి. హాలు ముందే బుక్ చేసేసి ఉంటే ఆ సీన్ లేకుండానే సోలో చేయండి. ముందూ వెనకా ఉన్న భాగాలు మీరు రాసినదాన్ని బట్టి ఇప్పటికే బాగున్నాయి, ముఖ్యంగా సీటుబెల్టు చోట భుజాన్ని పదేపదే తడుముకునే భాగం. నేనైతే దానితోనే మొదలుపెడతాను.